గిన్నెలో మిగిలిన గోరింటాకు

ఎవరికైనా గోరింటాకు పెట్టేముందు వాళ్లది ఏ ఊరో, ఆ ఊళ్లో గోరింటాకంటే ఏమనుకుంటారో అడగండి. నేను అడగలేదు. దాంతో ఒక ఆడపిల్ల చదువు ఆగినంత పనయింది. అరవై దాటిన వాచ్‌మన్ ఒకాయన కొత్త పెళ్లికొడుకయ్యాడు. నన్నేమో ఊరంతా పెళ్లిళ్ల పేరమ్మ అన్నారు. నేను చేసిందల్లా పారబోసే ఆకును పారబోయనియ్యకపోవడమే. అది తప్పంటే ఇప్పటికీ ఒప్పుకోను.

ఉద్యోగమంటే కుర్చీ, బల్ల అనుకునే పిల్లలు మీరు. నా ఉద్యోగం చీపురూ గరిటే. మూడో తరగతితో బడి మానేసినదాన్ని, అంతకంటే ఏమిస్తారు. మాది రాయచోటి పక్క. మా వైపు ఆడవాళ్లు ఎక్కువగా కువైట్ పోయేవాళ్లు. నాకు దొరికిన వీసా మాత్రం అబుదాబి రాజ్యానిది. ఊళ్లో అందరికీ 'దుబాయ్ పోయింది' అని చెప్పుకున్నారు. నేను పోయింది దుబాయ్ కాదు, సముద్రమే కనబడని అల్ ఐన్. ఒకవైపు కొండ, ఒకవైపు ఇసుక, నడిమధ్య ఖర్జూరపు తోటలు. ఎనభైలు మొదలయ్యే కాలానికి ఆ తోటల పక్కన పెద్ద కాలేజీ లేచి, ఊరి ముఖమే మారిపోయింది.

చదువు చెప్పేవాళ్లలో ఎక్కువమంది ఈజిప్టువాళ్లు. తర్వాత సూడాన్, ఇరాక్, పాలస్తీనావాళ్లు. రొట్టెలు కాల్చేది పఠాన్లు, బట్టలు కుట్టేది మలయాళీలు. కొత్త కట్టడాల మీద ఇటుకలు మోసేది మన కరీంనగర్ పిల్లకాయలు. తోటల్లో నీళ్లు పెట్టేది ఒమన్‌వాళ్లూ బలూచీలూ. ఊరివాళ్లు ఏరని అడిగితే కార్లలో ఉంటారని చెప్పేవాళ్లు. బజారుకు పోతే ఒక సంచి నిండేలోపు నాలుగు భాషల్లో బేరమాడాలి. నాలుగూ నాకు సగం సగమే వచ్చు. బేరానికి సగం చాలు.

నా పని ఆడపిల్లల హాస్టల్లో. ఊడ్చడం, కడగడం, వడ్డించడం, కంచాలు ఎత్తడం. కంచం చూసి అది తిన్న పిల్లది ఏ దేశమో చెప్పేదాన్ని. రొట్టెముక్కతో తుడిచి అద్దంలా పెట్టిందంటే పాలస్తీనా పిల్ల. ఎండునిమ్మకాయ తొక్క అంచుకు పెట్టిందంటే ఆ ఊరి పిల్లే. అన్నం సగం వదిలిందంటే ఏ దేశమైనా సరే, నా చేత తిట్లు తినేది. తెలుగులో తిట్టేదాన్ని. అయినా అందరికీ అర్థమయ్యేది.

నాతోపాటు నెల్లూరామె ఒకామె ఉండేది. తురకలామె, నాకంటే చిన్నది, నోరు నాకంటే పెద్దది. వార్డెన్‌ను మేం ముదీరా అనేవాళ్లం. కైరో నగరంలో పుట్టి పెరిగిన మనిషి, యాభై దాటినా పెళ్లి చేసుకోలేదు. జుట్టు బిగించి ముడి, కళ్లద్దాలు, మడమల చప్పుడు. ఆ చప్పుడు వరండా ఆ చివర వినబడితే ఈ చివర రేడియో ఆగిపోయేది. గేటు దగ్గర బలూచీ ముసలాయన. ఆయన్ని అందరం చాచా అనేవాళ్లం.

ఒక గురువారం పొద్దున పిల్లలందరినీ ఎప్పట్లాగే కార్లొచ్చి ఇళ్లకు తీసుకుపోయాయి. గురు, శుక్రవారాలు సెలవు కదా. తోటమాలి ఆ రోజు హాస్టల్ కంచె కత్తిరించాడు. ఆ కంచె ఏమనుకున్నారు, గోరింట. మెత్తటి లేతాకు, కొమ్మలు కొమ్మలుగా నేలమీద పడి ఉంది. ఆయన దాన్ని చెత్తబండిలోకి తోస్తుంటే నా ప్రాణం ఉసూరుమంది. కొంగు పట్టి నిలబడ్డాను. దూసుకున్నంత దూసుకుని వంటింటికి తెచ్చాను. మిక్సీ ముట్టుకోవద్దని వంటాయన అడ్డం నిలిస్తే, వెల్లుల్లి దంచే రాతి రోట్లో వేసి, చింతపండు, చిక్కటి టీ డికాషన్ పోసి వెన్నలా నూరాను. ఆ వాసనకు మా ఊళ్లో ఆషాఢం వచ్చినట్టయింది.

హాస్టల్లో ఆ రోజు మిగిలింది ఒక్క సూడాన్ పిల్ల. లెక్కలు చదివేది. తల్లిదండ్రులు వాళ్ల దేశంలో ఉన్నారు. అల్ ఐన్‌లో పిన్నీ బాబాయీ ఉన్నా వాళ్లది ఇరుకిల్లు, సెలవుల్లోనూ పిల్ల హాస్టల్లోనే ఉండేది. బాబాయి పశువుల డాక్టరు, ఒంటెలకు సూదులేసే ఆయన. పిల్ల పొడుగ్గా, నిదానంగా ఉండేది. కంచంలో ఒక్క మెతుకు వదిలేది కాదు, అందుకే నాకు ఇష్టం. వంటింటి గడప మీద కూర్చుని నా గిన్నెలోకి చూస్తూ ఉండిపోయింది.

కాళ్లు చాపమన్నాను. వద్దంది. మన దగ్గర మొదటిసారి అడగ్గానే ఎవరు చాపుతారు, మొహమాటమనుకున్నాను. రెండోసారీ వద్దంది. మూడోసారి అడక్కముందే తనే కాళ్లు చాపింది. పెళ్లి కావలసిన పిల్ల, అదీ తల్లి దగ్గర లేని పిల్ల, వేళ్ల కొసలకు నాలుగు చుక్కలు పెట్టి పంపుతానా. చేతివేళ్లకు టోపీలు, అరిచేతిలో చందమామ, పాదాల చుట్టూ పారాణి అంచు, అరికాలు నిండుగా. ఎంత బాగా పండితే అంత మంచి మొగుడొస్తాడని మన మాట. అది కూడా నా సగం అరబ్బీలో చెప్పాను. ఆ పిల్ల తల వంచుకుంది. సిగ్గనుకున్నాను.

గిన్నెలో ఇంకా గుప్పెడు మిగిలింది. మిగిలింది పారేసే అలవాటు నాకు లేదు. గేటు దగ్గర చాచా ఎండకు అరికాళ్లు మండిపోతున్నాయని వారంగా మూలుగుతున్నాడు. గోరింటాకు చలవ. తీసుకుపోయి ఇచ్చాను. ఆయన అరికాళ్లకు దట్టంగా పూసుకుని, గిన్నె తుడిచి మిగిలింది గడ్డానికి రాసుకుని, స్టూలు మీద కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. ఆ రోజు నాకు కలిగిన తృప్తి చెప్పలేను. ఒక్క ఆకు కూడా వృథా పోలేదు.

మరుసటి రోజు శుక్రవారం. పిన్ని గిన్నెలో కూర పట్టుకుని పిల్లను చూడ్డానికి వచ్చింది. గేటు దగ్గర స్టూలు మీద చాచా అరికాళ్లు నిప్పుల్లా మెరుస్తున్నాయి. వాటి ముందు ఆమె ఒక నిమిషం నిలబడింది. లోపలికొచ్చి పిల్ల కాళ్లు చూసింది. కూరగిన్నె నేలమీద పెట్టి వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. నేను మూత తీసి చూశాను, బెండకాయ మాంసం. నాకు మాత్రం ఏమీ అర్థం కాలేదు.

పిల్ల వంటింట్లో కూలబడి ఏడుస్తుంటే నెల్లూరామె పక్కన కూర్చుని మెల్లగా సంగతి లాగింది. సూడాన్‌లో ఇట్లా చేతులకూ కాళ్లకూ నిండుగా పెట్టుకునేది పెళ్లయిన ఆడదేనట. పెళ్లికాని పిల్ల పెట్టుకుంటే పెళ్లయిపోయిందనే లెక్క.

"పెళ్లికొడుక్కి కూడా పెడతారు," అంది ఆ పిల్ల ముక్కు తుడుచుకుంటూ. "ఆ ఒక్క రోజు. చేతులకూ, కాళ్లకూ."

నెల్లూరామె కిటికీలోంచి గేటు వైపు చూసింది. నేనూ చూశాను. చాచా కాళ్లు మార్చి పెట్టుకుంటున్నాడు.

"అక్కా," అంది నెల్లూరామె, "నువ్వు పిల్లకి పెళ్లి చేస్తే చేశావు గానీ, సంబంధం కొంచెం చూసి చేయకూడదా?"

మరి తెలిసీ కాళ్లెందుకు చాపావే అని పిల్లను గద్దించాను. చిన్నప్పటినుంచీ వాళ్లమ్మ కాళ్లే చూస్తూ పెరిగిందట. వాళ్ల దేశంలో గోరింటాకు నల్లగా పండేదాకా పెడతారట, ఆ నలుపు ఎప్పుడు తన కాళ్లకు వస్తుందా అని ఆశట. సెలవు రెండు రోజులే కదా, తర్వాత కాళ్లకు మేజోళ్లు వేసుకుని, చేతులు ముసుగులో దాచుకుని తిరిగితే ఎవరు చూస్తారనుకుందట. లెక్కలు చదివే పిల్ల వేసిన లెక్క అది.

ఆ సాయంత్రమే బాబాయి ముదీరాకు ఫోన్ చేశాడు. వచ్చే గురువారం పొద్దున వస్తానన్నాడు, పిల్ల సామాన్లు కట్టించి ఉంచమన్నాడు. దేశానికి పంపించేస్తాడట. పంపేస్తే ఇక చదువు ఖలాస్. రెండేళ్లు చదివింది, ఇంకో రెండేళ్లు ఉంది, అంతా నా గిన్నెలో పడింది.

ముదీరా నన్ను పిలిపించింది. నా హాస్టల్లో, నేను లేని పూట, నిఖా జరిపించావా అని అడిగింది. నేను గోరింటాకు మాత్రమే పెట్టానన్నాను. పల్లెటూరి పనులు, చదువుకునే చోట ఈ ఆకులూ పసర్లూ ఏమిటి అని ఆమె అరగంట దులిపింది. నేను తల వంచలేదు. మాకు ఏడేళ్ల పిల్ల నుంచీ అందరూ పెట్టుకుంటారని చెప్పాను. ఆమె కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. బాబాయికి హక్కుందని, తాను ఆపలేనని చెప్పింది. అది చెప్పేటప్పుడు గొంతు తగ్గింది. ఆ పిల్ల ఆమెకూ ఇష్టమే మరి. తరగతిలో అందరికంటే ముందుండేది.

ఎర్రదనం వదిలించాలని మేం పడిన పాట్లు ఇంతా అంతా కాదు. నెల్లూరామె నిమ్మకాయతో రుద్దింది. పండినదాని మీద పులుపు పడితే ఏమవుతుందో పుట్టినప్పటినుంచీ గోరింటాకు పెట్టుకునే మా ఇద్దరికీ ఆ కంగారులో గుర్తు రాలేదు. ఎరుపు కాస్తా నల్లబారింది. బట్టల సోడా పెట్టాం, చర్మం మండింది, రంగు కదల్లేదు. వంటాయన ఉప్పు, పెట్రోలు అన్నాడు. పెట్రోలు నేను వద్దన్నాను. ఆకు మంచిది, ఏం చేస్తాం. ఇంకే పిల్లకు అంత బాగా పండినా ఎంతో సంబరపడి ఉండేదాన్ని.

ఈలోపల ఊళ్లో కబురు తిరిగింది. సూడాన్ పిన్ని ఒక్క చెల్లెలికి చెప్పింది. ఆమె కుట్టుపనివాడి దగ్గర ఎవరితోనో అంది. మలయాళీ దర్జీ రొట్టెల కొట్లో చెప్పాడు. పఠాన్ రొట్టెలతోపాటు ఇంటింటికీ పంచాడు. సోమవారానికి అది మా వంటింటికి తిరిగొచ్చింది. అప్పటికి చాచాకు ఖర్జూరపు తోట ఉంది, నేను రెండువైపులా కమీషన్ తీసుకున్నాను, పెళ్లి వంటింట్లోనే జరిగింది, బిర్యానీ మాత్రం బాగా లేదు. ఆ చివరి మాటకు మా వంటాయనకు కోపమొచ్చింది.

చాచా సంగతి ఇంకా ఘోరం. దారిన పోయే ప్రతి లారీ డ్రైవరూ గేటు ముందు ఆగి "దుల్హేమియా, సలాం" అని పెళ్లికొడుకును పిలిచినట్టు పిలిచి పోతున్నాడు. ముసలాయన ఆ ఎండలో తోలు బూట్లు తొడుక్కుని, లోపల రెండు జతల మేజోళ్లు వేసుకుని కూర్చున్నాడు. మంటకు మందిస్తే మంట రెండింతలయింది. "బెహన్," అన్నాడు నాతో దీనంగా, "ఈ కబురు ఊళ్లో నా ముసలిదాని చెవిన పడితే, నేనిక ఈ గేటు దగ్గరే గోరీ కట్టించుకోవాలి."

బుధవారం పొద్దున సూడాన్ పిల్ల పెట్టె సర్దుకుంది. పుస్తకాలు తీసుకుపోవాలా, ఇక్కడే ఎవరికైనా ఇచ్చెయ్యాలా అని నన్ను అడిగింది. నాకేం తెలుసు పుస్తకాల సంగతి. అయినా అన్నీ పెట్టెలోనే పెట్టమన్నాను.

అక్కడి సొంత దేశపు పిల్లలకు ఈ గొడవంతా వింతగా ఉంది. వాళ్లకు పండగొచ్చినా గోరింటాకే, పక్కింట్లో పెళ్లయినా గోరింటాకే. ఆ మధ్యాహ్నం వాళ్లలో ఒకతి, ఫుజైరా పిల్ల, కంచం ఎత్తుతున్న నా ముందు చెయ్యి చాపి, మాకు ఎందుకు పెట్టవు, మేం నీకు అన్నం వదుల్తామనా అని అడిగింది. కంచం కింద పెట్టి ఆ చెయ్యి పట్టుకున్నాను. ఒక్క గొర్రెకు రంగు పూస్తే దొంగ గొర్రె అంటారు. మందకంతా పూస్తే కాపరిది గుర్తు అనుకుంటారు. నాకు తోచింది అంతే, అంతకుమించి తెలివి లేదు.

కంచె దగ్గరికి పోయాను. తోటమాలి వద్దు వద్దంటూనే ఉన్నాడు, యల్లా యల్లా అంటూ కొమ్మలన్నీ దూసేశాను. రోలు సరిపోక ఈసారి వంటాయనే నోరెత్తకుండా మిక్సీ ఇచ్చాడు, బిర్యానీ మాట ఆయన మనసులో ఉంది మరి. భోజనాల హాల్లో పిల్లల్ని వరసగా కూర్చోబెట్టి నేనొక వైపు, నెల్లూరామె ఒక వైపు మొదలుపెట్టాం. రస్ అల్ ఖైమా పిల్ల పువ్వు కావాలంది. ఒమన్ పిల్ల వేళ్లకే చాలంది. పెళ్లికి ముందు రాత్రి మాత్రమే పెట్టుకుంటామని పాలస్తీనా పిల్లలు కాసేపు గునిసి, అందరికంటే ఎక్కువ పెట్టించుకున్నారు. ఒక్కో చేతికి ఒక్కో దేశపు చట్టం. అందరికీ నా చందమామే పెట్టాను. ఓపిక ఎక్కడిది.

చేతులు నిండాక రాత్రి భోజనం గంట మోగింది. ఒక్కరూ కంచం ముట్టుకోలేరు. మన ఇళ్లలో ఏం చేస్తాం, అదే చేశాం. పెద్ద బేసిన్‌లో అన్నం, పప్పు, నెయ్యి కలిపి, ముద్దలు చేసి నోట్లో పెడుతూ పోయాం. ఎవరింట్లో వాళ్లు ఎంత గొప్పవాళ్లో నాకు తెలీదు, చేతులు గాల్లో పెట్టుకుని పిచ్చుక పిల్లల్లా నోళ్లు తెరిచారు. సూడాన్ పిల్లకు ముద్ద పెడితే మింగలేకపోయింది. గట్టిగా తిట్టాను, మింగింది.

సరిగ్గా అప్పుడే మడమల చప్పుడు. పరిగెత్తడానికి ఎవరికీ వీల్లేదు, తలుపు గడియ ముట్టుకున్నా పసరంటుతుంది. ముదీరా గుమ్మంలో నిలబడి ఈ చివరి నుంచి ఆ చివరి దాకా చూసింది. ఏమిటిది అంది. నా చేతిలో ముద్ద ఉంది, పప్పన్నం అన్నాను. ఆమె నన్నూ, పిల్లల చేతుల్నీ, మూలన చేతులు దాచుకుంటున్న సూడాన్ పిల్లనూ చూసింది. వచ్చిన దారినే వెళ్లిపోయింది. పిల్లలంతా పడుకున్నాక చూస్తే గిన్నె అడుగున కొంచెం మిగిలే ఉంది. మిగిలింది నేను పారెయ్యనని చెప్పాను కదా. అదెవరికి పోయిందో చెప్తాను.

గురువారం పొద్దునే బాబాయి వచ్చాడు. తెల్లటి పొడుగు చొక్కా, తెల్లటి తలపాగా, చేతిలో కర్ర. గేటు దగ్గర చాచా బూట్లలో నిటారుగా నిలబడి సలాం కొట్టాడు. గడ్డం మాత్రం భగ్గుమంటోంది. బాబాయి ఆ గడ్డాన్నీ బూట్లనీ చూసి లోపలికొచ్చాడు. ముదీరా ఎదురుగా కూర్చున్నాడు. ఆమె రెండు చేతులూ బల్ల కింద పెట్టుకుని ఉంది. నేను చాయ్ పట్టుకుపోయాను. ఆయన నా చేతులు చూశాడు. అవీ ఎర్రగానే ఉన్నాయి, రాత్రి అంతమందికి పెట్టినవి మరి.

బయట కార్లు వస్తున్నాయి. పిల్లలు ఒక్కొక్కరే గుమ్మంలో ఆగి ముదీరాకు చెయ్యి ఊపి, సలాం చెప్పి పోతున్నారు. ప్రతి చేతిలోనూ ఎర్ర చందమామ. ఆయన చాయ్ కప్పు ఎత్తినవాడు ఎత్తినట్టే ఉండిపోయాడు. చివరికి కప్పు దించి అన్నాడు.

"ఉస్తాదా, ఈ హాస్టల్లో అందరికీ పెళ్లిళ్లయ్యాయా?"

ముదీరా బల్ల కింది నుంచి కుడిచెయ్యి తీసి, ఆయన ముందు బోర్లా పెట్టి, తిప్పింది. అరిచేతి నిండా చందమామ. వేళ్లకు టోపీలు. కైరో నగరంలో పుట్టిన చెయ్యి, రాయచోటి పల్లెటూరి చెయ్యిలా పండింది.

"అయినట్టే ఉన్నాయి," అంది ఆమె, నవ్వకుండా. "నాక్కూడా. ఆయన ఎక్కడున్నాడో కాస్త మీరే వెతికి తీసుకురండి. చాలా ఏళ్లుగా ఎదురుచూస్తున్నాను."

నేను ట్రే పట్టుకుని కదల్లేదు. గుమ్మం బయట నెల్లూరామె కొంగు నోట్లో కుక్కుకుంది. బాబాయి ఆ చేతిని చూశాడు, నన్ను చూశాడు, కిటికీలోంచి గేటునూ చూశాడు. తర్వాత కర్ర గోడకు ఆనించాడు. కర్ర ఆనించాడంటే సగం దిగాడని నాకు తెలిసింది. ఎదుటి మనిషి ఎప్పుడు దిగుతాడో బేరమాడేవాళ్లకు తెలుస్తుంది.

పిల్లను పిలిపించాడు. ఆమె పెట్టె మోసుకుంటూ వచ్చింది. ఆయన చాలాసేపు కాళ్ల వైపు చూశాడు. ఎవరు పెట్టారని అడిగాడు. నేనేనన్నాను. మా దేశంలో కొత్తకోడలికి కూడా ఇంత నల్లగా పండదు అన్నాడు, కోపమో మెప్పో ఇప్పటికీ తెలీదు. తర్వాత పిల్లతో రెండే మాటలన్నాడు.

"పెట్టె లోపల పెట్టు. ఇది పోయేదాకా మీ అమ్మకు ఫోటో పంపకు."

పెట్టె పైకి మోసింది నేనే. పుస్తకాలన్నీ అందులోనే ఉన్నాయి, రాళ్లలా ఉన్నాయి. మెట్ల మీద ఒక్కసారి కూడా దించలేదు.

బాబాయి పోతూ పోతూ గేటు దగ్గర ఆగి, చాచా చెయ్యి పట్టుకుని ఊపి, గంభీరంగా "మబ్రూక్" అని పెళ్లి శుభాకాంక్షలు చెప్పి కారెక్కాడు. చాచా పాపం అక్కడే కూర్చుని బూట్లు లాగేశాడు.

ఆకు లేని కంచె పుల్లలు పుల్లలుగా నిలబడింది. గోరింట చెట్లను వేళ్లతో సహా తీసెయ్యమని ముదీరా తోటమాలికి చెప్పింది. ఆయన పార తెచ్చేసరికి ఇంకో వారం ఆగమంది. నేనున్నన్ని ఏళ్లూ ఆ వారం రాలేదు.

అరచేతుల రంగు నెలలోపే పోయింది. గోళ్ల రంగు అంత తొందరగా పోదు, గోరుతోపాటు పెరిగి పెరిగి కొసకు చేరాలి. పరీక్షలు మొదలయ్యే నాటికి సూడాన్ పిల్ల కాలి బొటనవేలి గోటి కొసన సన్నటి ఎర్ర అంచు ఒక్కటే మిగిలింది. మొదటి పరీక్ష పొద్దున వంటింటికొచ్చి కాలు చూపించి, కత్తిరించెయ్యమంటావా అని అడిగింది.

మిగిలింది పారెయ్యొద్దు, పరీక్షలయ్యేదాకా ఉంచుకో అన్నాను. ఉంచుకుంది. ఆ ఏడూ అందరికంటే ముందు ఆమే వచ్చింది.